పాఠ్యేతర కార్యక్రమాల వల్ల ఫ్రెంచి నేర్చుకోవాలన్న ఆసక్తి నిజంగా పెరుగుతుందా?

ప్రశ్న (ఫ్రెంచి అధ్యాపకురాలు, హైదరాబాదు)

మా డిగ్రీ కళాశాలలో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకునేవారిలో చాలామంది మార్కులు బాగా వస్తాయన్న లెక్కతోనే చేరుతారు. పరీక్ష అయిన మర్నాటి నుంచి ఆ పుస్తకం తెరవరు. అందుకని ఈ ఏడాది ఫ్రెంచి క్లబ్బు ప్రారంభించి పాటల పోటీ, వంటకాల ప్రదర్శన, సినిమా ప్రదర్శన జరిపాము. సందడికి లోటు లేదు గానీ, తరగతిలో నోరు విప్పేవారు మాత్రం పెరగలేదు. క్లబ్బుకు కూడా ఇంటర్నల్ మార్కులు పెడితే దారికి వస్తారని సహోద్యోగులు అంటున్నారు. మీరేమంటారు?

సమాధానం 1 (భాషాబోధన పరిశోధకుడు)

మార్కులు పెట్టకండి మేడమ్. మార్కుల కోసమే చేరిన పిల్లలకు క్లబ్బు కూడా మరో మార్కుల వ్యవహారమైపోతుంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఫ్రెంచి నేర్చుకునే, ఇంగ్లీషు మాతృభాషగా గల విద్యార్థులపై మనస్తత్వవేత్తలు గార్డ్‌నర్, లాంబర్ట్ 1959లో ప్రచురించిన అధ్యయనం, ఆ భాషవారికి దగ్గర కావాలన్న కోరికనూ, ఉద్యోగం వంటి ప్రయోజనాల కోసం నేర్చుకోవడాన్నీ వేరుచేసి చూసింది. అయితే మాంట్రియల్‌లో ఫ్రెంచి మాట్లాడేవారు పక్క వీధిలోనే ఉంటారు, మన పిల్లలకు ఆ అవకాశం లేదు. అందువల్ల ఇక్కడ భాషాభ్యాస పరిశోధకుడు డోర్నెయి 2005లో ప్రతిపాదించిన ఆలోచనే ఎక్కువగా పనికొస్తుంది: రేపు ఆ భాష మాట్లాడుతున్న మనిషిగా విద్యార్థి తనను తాను ఊహించుకోగలగాలి. ఫ్రాన్సులో చదువుతున్న మీ పూర్వ విద్యార్థులతో నెలకొకసారి వీడియో కాల్‌లో మాట్లాడించి చూడండి.

సమాధానం 2 (జపనీస్ నేర్చుకుంటున్న విద్యార్థిని, విశాఖపట్నం)

మేడమ్, మీ వంటకాల ప్రదర్శనలో ఫ్రెంచి రానివారు కూడా కడుపునిండా తిని వెళ్ళగలిగారా? అలాగైతే అది భాషా కార్యక్రమం కాదు, తిరునాళ్ళే. మా జేఎల్‌పీటీ (జపనీస్ భాషా ప్రావీణ్య) పరీక్షలో మాట్లాడే భాగమే లేదు కనుక, నోరు మెదపకుండానే ఉత్తీర్ణులు కావచ్చు. ఆ లోటు తీర్చుకోవడానికి మేము ఆదివారాలు అంగడి ఆట ఆడుకుంటాము. ఒకరు దుకాణదారు, ఒకరు కొనేవారు. “ఇకురా దెసు కా” అని ధర అడగాలి, చెప్పిన ధర విని సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వాలి. మధ్యలో తెలుగు దొర్లితే బేరం రద్దు. మొదట గొణిగినవారే తరువాత గొడవపడి మరీ బేరమాడుతున్నారు.

సమాధానం 3 (విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు)

క్లబ్బుకు వచ్చేవారు చురుకుగా ఉన్నారంటే, ఆ చురుకుదనం క్లబ్బు ఇచ్చిందని అనుకోనక్కరలేదు. ముందే ఆసక్తి ఉన్నవారే వస్తారు. పైగా సాయంత్రం బస్సు అందుకోవలసిన పల్లెటూరి పిల్లలు ఎలా ఆగుతారు? వారానికి ఒక తరగతి గంటనే ఇందుకు కేటాయించండి. పై సమాధానంలోని అంగడి ఆట మీకు అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే డెల్ఫ్ అనే ఫ్రెంచి ప్రావీణ్య పరీక్షలో తొలి మెట్టయిన ఎ1 స్థాయి మౌఖిక పరీక్షలోనే అలాంటి సంభాషణ ఉంటుంది: నాణేలు, నోట్ల బొమ్మలు ఇచ్చి, పరీక్షకుని దగ్గర వస్తువు కొనమంటారు. ఆట వేరు, సిలబస్ వేరు అన్న అభ్యంతరం కూడా అప్పుడు మీ సహోద్యోగుల నుంచి రాదు.