చేతనైనంతా, సాధ్యమైనంతా?

సభ్యులకు నమస్కారం. లండన్ వయొలిన్ విద్వాంసుడు ఇర్విన్ ఆర్డిటి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ, ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

సందర్భం ఇది. 1953లో పుట్టిన ఆర్డిటి విద్యార్థిగా ఉండగానే, 1974లో తన పేరున నలుగురి తీగవాద్య బృందాన్ని పెట్టుకున్నారు. 1980లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో మంచి స్థానం వదులుకుని పూర్తిగా ఈ కాలపు రచనలకే అంకితమయ్యారు. అదే ఏడాది అమెరికాలో స్వరకర్త జాన్ కేజ్, ఒంటరి వయొలిన్ కోసం రాస్తున్న 'ఫ్రీమన్ ఎట్యూడ్స్'ను (ఎట్యూడ్ అంటే వాద్య సాధన కోసం రాసే చిన్న రచన) సగంలో ఆపేశారు. నక్షత్ర పటాల మీద పారదర్శక కాగితం పరిచి, చుక్కల ఆధారంగా స్వరాలు పెట్టిన రచన అది. ప్రతి స్వరానికీ ఏ తీగ, కమాను ఎలా లాగాలి, ఎంత గట్టిగా అన్నది విడివిడిగా రాసి ఉంటుంది. 18వ ఎట్యూడ్‌కు వచ్చేసరికి స్వరాలు కిక్కిరిసిపోయి, ఇక వాయించడం అసాధ్యమనిపించింది.

1988లో ఆర్డిటి మొదటి 16 ఎట్యూడ్లను 56 నిమిషాల్లో వాయించారు. కొన్ని నెలలకే 46 నిమిషాల్లో ముగించారు! ఎందుకంత వేగమని కేజ్ అడిగితే, "____ వేగంగా వాయించమని ముందుమాటలో మీరే రాశారు కదా" అన్నది జవాబు. ఆ ఖాళీలో ఏది పెట్టను? సాధ్యమైనంతా, వీలైనంతా, చేతనైనంతా?

జవాబు: 'సాధ్యమైనంత' పెట్టండి. సాధ్యం, సాధన ఒకే ధాతువువి. వాద్యకారుడి విషయంలో అంతకన్నా అతికే మాట ఏముంటుంది?

జవాబు: ధాతువు సంగతి నిజమే మాస్టారూ, కానీ వాడుకలో 'సాధ్యమైనంత త్వరలో' అనేది ఆఫీసు ఉత్తరాల మాటగా అరిగిపోయింది. అందులో మనిషి కనబడడు. 'వీలైనంత' అంటే తీరికను బట్టి అన్నట్టుంటుంది. నా ఓటు 'చేతనైనంత'కే. ఎవరికి చేతనైనంత అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఒకరికి 56, మరొకరికి ఎంతైనా కావచ్చు.

జవాబు: చిన్న సందేహం అండీ. ఇందులో ఉన్నది సంస్కృతం 'చేతన'మేనా, చైతన్యం అన్న అర్థంలో?

జవాబు: కాదమ్మా. చేయి, చేత, చేతన్ + అగు. వ్యతిరేకార్థంలో చూడండి: 'నా చేత కాదు'. నకారం ఎగిరిపోయి చెయ్యి బయటపడింది.

మొదట అడిగినవారు: 'చేతనైనంత' ఖాయం చేశాను. చేతి మాటే కావడం ఇంకా బాగుంది. కానీ తర్వాతి పేరాలో మరో చిక్కు వచ్చింది. ఆర్డిటి వాదన విన్నాక కేజ్‌కు దారి దొరికింది. స్వరాలు మరీ దట్టంగా ఉన్నచోట అన్నీ వాయించనక్కరలేదు, చేతనైనంత వాయిస్తే చాలు అనుకున్నారు. ఆగిన రచన మళ్లీ కదిలి, 1990లో 32 ఎట్యూడ్లుగా పూర్తయింది. నేను రెండుచోట్లా 'చేతనైనంత' రాసి ఉన్నాను.

జవాబు: రెండోచోట మార్చాల్సిందే. వేగానికి '-అంత', స్వరాలకు '-అన్ని'. కొలిచేదానికి ఒకటి, లెక్కపెట్టేదానికి ఒకటి. మీరు చెప్పిన కథ మొత్తం ఈ ప్రత్యయాల మార్పులోనే ఉంది: చేతనైనంత వేగంగా అని రాసిన ఆయన, చేతనైనన్ని స్వరాలు అనడానికి పదేళ్లు పట్టింది. దీన్ని ఇంత పొందికగా చెప్పే సౌకర్యం తెలుగుకు ఉన్నప్పుడు వదులుకోవడం ఎందుకు?

మొదట అడిగినవారు: కళ్లు తెరిపించారు, మార్చేశాను. ఇక మిగిలింది 'ఎట్యూడ్'. అభ్యాస రచన అందామా?

జవాబు: వద్దండీ. అభ్యాసం అనగానే మనవాళ్లకు సరళీ వరుసలు గుర్తొస్తాయి. ఎట్యూడ్ అనే ఉంచేయండి.