సీక్రెట్ సాంటా గిఫ్టు, నాకొక స్వెట్టరు, హాస్టల్‌కు స్టారు: చేతిల 400 ఉన్నయి, ఏమేం చేసుకోవచ్చు?

హాస్టల్ పిల్ల, నల్గొండ:

అందరికి నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపికతోటి చదవండి. నేను నల్గొండల డిగ్రీ సెకండియర్, హాస్టల్ల ఉంటున్న, మాది దేవరకొండ దిక్కు ఊరు. ఈసారి మా క్లాసుల సీక్రెట్ సాంటా పెట్టుకున్నం, చిట్టీలు తీసినం, గిఫ్టు 200 దాటొద్దని రూలు, 24 నాడు ఇచ్చుకోవాలె. నాకొచ్చిన చిట్టీల పేరు ఎవరిదంటే, రోజు పొద్దుగాల మొదటి బస్సుకు ఊరి నుంచి వచ్చే అమ్మాయిది. చెవులకు చున్నీ చుట్టుకొని వస్తది, క్లాసుల కూసున్నంక గూడ చానాసేపు చేతులు రుద్దుకుంటనే ఉంటది. అందరు కప్పులు, ఫోటో ఫ్రేములు అంటున్నరు గని నాకు మాత్రం ఆమెకు ఎచ్చగ ఉండేది ఏదన్న నా చేత్తోటి చేసి ఇయ్యాలని ఉంది. ఇంకా 3 వారాల టైం ఉంది.

రెండోది నా సంగతి. నాకు చలికాలం అంటే మస్తు ఇష్టం, మన దగ్గర ఎండలు తెలిసిందే కదా, మార్చి నుంచే మాడిపోతం, ఒక స్వెట్టరో స్టోలో మంచిగ వేసుకొని తిరగనీకి ఏడాది మొత్తంల దొరికేదే ఈ రెండు నెలలు. ఉన్నది ఒక్కటే స్వెట్టరు, మా మేనత్త తొమ్మిదో తరగతిల చేత్తో అల్లి ఇచ్చింది, మెరూన్ రంగు, ఇప్పుడు చంకల కాడ పట్టేస్తుంది, పడేయ బుద్ధి కాదు. కొత్తది కొనాలంటే చేతిల మొత్తం 400 ఉన్నయి, అండ్ల 200 గిఫ్టుకే పోతయి.

మూడోది చిన్నదే, హాస్టల్ వరండాల క్రిస్మస్ స్టారు మేమే కట్టాలనుకుంటున్నం, ఎట్ల కడతరో తెలిసినోళ్లు చెప్పండి. కుట్టు మిషన్ కొద్దిగ వచ్చు, క్రోషే అస్సలు రాదు.

పాలమూరు ఊలుదారం:

చెల్లె, నీ పోస్టు చూడంగనే రాయాలనిపించింది, నేను మహబూబ్‌నగర్‌ల పీజీ చేస్తున్న, నాలుగేండ్ల నుంచి క్రోషే అల్లుతున్న. మొదటిసారి మఫ్లర్ జోలికి పోకు. 6 ఇంచుల వెడల్పు, 5 అడుగుల పొడుగు మఫ్లర్‌కు తక్కువల తక్కువ 150 గ్రాముల ఊలు పడ్తది, కొత్తోళ్లకు సగంల చెయ్యి నొస్తది, పరీక్షలు గూడ ఉంటయి, అది ఆగిపోతది. దానికి బదులు చెవుల పట్టీ అల్లు. 50 గ్రాములు చాలు, నేర్చుకునుడు తోటి కలిపి వారంల అయిపోతది, బస్సుల ముందు చలి తగిలేది చెవులకే గదా.

ఎట్లంటే, 4 మిల్లీమీటర్ల క్రోషే సూది (కొసకు కొక్కెం ఉంటది) తీస్కో, మరీ సన్నం గాని ఊలు తీస్కో, 4 ఇంచులు వచ్చేదాక చెయిన్ (గొలుసు తీరు కుట్లు) వేసి, అక్కడి నుంచి అటు ఇటు సింగిల్ క్రోషే (చిన్న మామూలు కుట్టు) అల్లుకుంట పో. ఇక్కడొక మాట గట్టిగ గుర్తు పెట్టుకో, ప్రతి కుట్టుకు పైన రెండు పోగులు కనపడ్తయి, రెండిట్ల సూది పెట్టకు, వెనక పోగుల మాత్రమే పెట్టు. అట్ల అల్లితే గీతలు గీతలుగ లేస్తది, రబ్బరు లెక్క సాగుతది. తల చుట్టుకొలత కంటే 2 ఇంచులు తక్కువ ఉన్నప్పుడే ఆపేసి రెండు కొసలు కలిపి కుట్టేయాలె, సాగుతది గాబట్టి పట్టుకొని ఉంటది. ఆమె తల కొలత అడిగితే దొరికిపోతవు, నీ తలకే పెట్టి చూడు, పెద్దోళ్లకు చానా తేడా ఉండదు.

నా మొదటి మఫ్లర్ ఒక దిక్కు వెడల్పు ఇంకో దిక్కు సన్నం అయ్యి సమోసా లెక్క వచ్చింది, ఎందుకంటే ప్రతి వరుస చివరి కుట్టు వదిలేసుకుంట పోయిన, కనిపెట్టేసరికి 2 అడుగులు అయ్యింది, మొత్తం ఇప్పిన. వరుస అయినప్పుడల్లా కుట్లు లెక్క పెట్టు, బద్ధకం చెయ్యకు. ఊలు కొనేటప్పుడు ఒకటే లాటు నంబరు ఉన్న ఉండలు చూసి తీస్కో, వేరే లాటుదైతే రంగు కొంచెం తేడా కొడ్తది, దుకాణంల లైటుకు కనపడదు, బయట ఎండకు కనపడ్తది. అసలు ఊలు కొందరికి దురద పెడ్తది, అందుకే ఇచ్చేటిదైతే మెత్తటి అక్రిలిక్ మంచిది, ఉతుక్కోనీకి గూడ సులువు. ఇస్త్రీ మాత్రం పెట్టొద్దని ఆమెకు చెప్పు, వేడికి దాని రూపే పోతది.

మగ్గం ఇంటి పిల్లగాడు:

నేను పుట్టపాక దిక్కు, మా ఇంట్ల మగ్గం ఉంది, నాకు అల్లిక రాదు గని బట్ట సంగతి చెప్తా. ఆ చెవుల పట్టీని ఊరికే పేపర్ల చుట్టి ఇయ్యకు, ఇక్కత్ ముక్కతోటి చిన్న సంచి కుట్టి అండ్ల పెట్టి ఇయ్యి, సంచి గూడ గిఫ్టే అయితది. కొత్త బట్ట కొనే పని లేదు, జాకెట్లు డ్రెస్సులు కుట్టే టైలర్ల దగ్గర కత్తిరింపు ముక్కలు మూటలు మూటలు ఉంటయి, అడిగితే చానామంది ఊరికెనే ఇస్తరు.

కాకపోతే ఇక్కత్ అని పేరు పెట్టి ప్రింటు బట్ట మస్తు అమ్ముతున్నరు, ముక్క తిప్పి చూడు. మాది ముందు నూలుకే రబ్బరు ముక్కలు కట్టి రంగుల ముంచి, మళ్ల ఇప్పి, మళ్ల కట్టి, ఇంకో రంగుల ముంచి, ఆ తర్వాత నేసేది, అందుకే డిజైను రెండు దిక్కుల ఒక్కతీరు కనపడ్తది, అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటయి. ప్రింటుదైతే వెనక వెలిసిపోయినట్టు ఉంటది, అంచు గీత గీసినట్టు ఉంటది. ఆ చెదిరిన అంచు తప్పు గాదు, చేత్తోటి కట్టిన నూలు మగ్గం మీద అటీటు జరిగితే అట్లనే వస్తది, మాకు అదే అందం.

మా ఊరి తేలియా రుమాలుకు 2020ల జీఐ (ఇది ఈ ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, ఎరుపు నలుపు తెలుపు రంగుల చతురం గుడ్డ, నూలును నూనెల, ఆముదపు కాయలు కాల్చిన బూడిదల నానబెట్టి చేస్తరు, మెత్తగ ఉంటది, నూనె వాసన వస్తది, పేరు గూడ అందుకే. అది నీ బడ్జెట్‌ల రాదు గని ఎప్పుడన్న వీలైతే వచ్చి చూడు, పోచంపల్లికి చానామంది వస్తరు గని మా దాక వచ్చేటోళ్లు తక్కువ. ఇంకోటి, మగ్గం మీద చీర అయిపోయినంక చివరికి నేయరాని పోగులు కొంత మిగుల్తయి, అవి కట్ట కట్టి సంచి జిప్పుకు కుచ్చు లెక్క ఏలాడదియ్యి, రంగు రంగులుగ బాగుంటది.

బైక్ మీద కాలేజీ:

నాకైతే చాక్లెట్లు కొనిచ్చుడు మంచిదనిపిస్తది. చేత్తో చేసింది నచ్చకపోయినా మొహం మీద చెప్పలేరు, పాపం పెట్టుకోక తప్పదు అనుకుంటరు. చాక్లెట్ అందరు తింటరు.

పాలమూరు ఊలుదారం:

తమ్మీ, నువ్వు చెప్పేది కొందరి విషయంల నిజమే, కొలతలు రంగులు తెల్వని వాళ్లకు నేను గూడ తినేదే ఇస్త. ఇక్కడ మాత్రం ఆ అమ్మాయికి రోజు చలి పెడ్తుందని ఈ చెల్లె కండ్లతోటి చూస్తుంది గదా. రంగు ఒక్కటి జాగర్త, ఆమె ఎక్కువ ఏ రంగు చున్నీలు వేస్తదో వారం చూసి అల్లితే సరిపోతది.

వనపర్తి టీచరమ్మ:

బిడ్డా, ముందు నీ స్వెట్టరు సంగతి చెప్తా, మేనత్త చేత్తో అల్లిందంటున్నవు కాబట్టి అది ఎక్కడికి పోదు. పక్క కుట్లు తిప్పి చూడు. మిషన్ మీద కత్తిరించి కుట్టిన స్వెట్టరైతే ఇప్పితే ముక్కలు ముక్కలుగ పోగులు వస్తయి, పనికి రావు. చేత్తో అల్లిందైతే ముందు భాగం, వెనక భాగం, చేతులు వేరు వేరుగ అల్లి కలుపుతరు, ఆ కలిపిన కుట్టు మెల్లగ కోస్తే ఒక్కో ముక్క కొస నుంచి దారం బారుగ ఇప్పుకుంట రావొచ్చు. వచ్చిన దారం నూడుల్స్ తీరు వంకరలు ఉంటది, దాన్ని మోచేతికి చుట్టి చిలప చేసి, నాలుగు చోట్ల వదులుగ కట్టి, గోరువెచ్చటి నీళ్లల్ల నానబెట్టి, పిండకుండ కింద చిన్న బరువు కట్టి నీడకు ఆరబెట్టు, నిటారుగ అయితది. నువ్వయితే మొత్తం ఇప్పకు. చేతులు రెండు ఇప్పేసేయి, చంకల గుంత కొంచెం పెద్దగ చేసి చుట్టూ అంచు అల్లించుకో, మిగిలింది చేతుల్లేని స్వెట్టరు అయితది, ఫుల్ చేతుల కాటన్ షర్టు మీద వేసుకుంటే ఇప్పటి పిల్లలు వేసుకునే తీరే ఉంటది. ఆ చేతుల దారమే చెవుల పట్టీకి వాడుకో, ఊలు ఖర్చు గూడ తప్పుతది.

చలికి ఒక్క మందపు బట్ట కంటే రెండు పలచటివి మేలు, మధ్యల గాలి నిలబడి ఎచ్చగ ఉంటది, ఎండెక్కినంక పైది తీసి బ్యాగుల పెట్టుకోవచ్చు. మన దగ్గర డిసెంబర్‌ల పొద్దుగాల ఇగం, పన్నెండు కొట్టేసరికి చెమట. మా నాయన గొర్ల కాడికి పోయేటప్పుడు గొంగడి కప్పుకొని పోయేటోడు, దక్కనీ గొర్ల నల్ల ఊలుది, చింతగింజల గంజి పట్టించేటోళ్లు, ఆ గట్టిదనానికి వాన సుక్క గూడ తొందరగ లోపలికి దిగేది గాదు. ఇప్పుడు ఆ గొర్లే తగ్గినయి, నేసేటోళ్లు తగ్గిన్రు. మా ఇంట్ల ఒక్కటి మిగిలింది, చలికాలం మంచం మీద పరుస్త, ఎవరడిగినా ఇయ్యలేదు.

స్టారు సులువే. ఒకటే పొడుగు వెదురు పుల్లలు 10 చీల్చుకో, 5 తోటి ఒక చుక్క, ఇంకో 5 తోటి ఇంకో చుక్క దారంతోటి కట్టు. రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి 5 కొసలు కలిపి కట్టేయి. లోపల పుల్లలు ఒకదాన్నొకటి దాటే జాగలు 5 ఉంటయి గదా, అక్కడ రెండిటి మధ్యల జానెడు కంటే చిన్న పుల్ల ముక్కలు నిలబెట్టి కట్టు, పొట్ట ఉబ్బినట్టు లేస్తది. పతంగుల కాగితం మైదా ఉడికించిన జిగురుతోటి అంటియ్యి, వెనక ఒక చిన్న కిటికీ వదులు బల్బు పెట్టనీకి. ఎల్ఈడీ బల్బే పెట్టు, పాత గాజు బల్బు వేడికి కాగితం అంటుకుంటది, మా చిన్నప్పుడు చర్చి కాడ ఒకటి అట్లనే కాలింది.

ఇంకో సంగతి, మీ ఇంట్ల సంక్రాంతికి నోము ఉంటదా? ఉంటే మీ అమ్మ 13 మంది ముత్తైదువలకు 13 వస్తువులు పంచాలె, ఈ నడుమ అందరు ప్లాస్టిక్ డబ్బాలే కొంటున్నరు. ఆ తమ్ముడు చెప్పిన ఇక్కత్ సంచులు 13 నువ్వే కుట్టి ఇయ్యరాదు, డబ్బాలకు పెట్టే పైసలు నీకు ఇస్తది.

హాస్టల్ పిల్ల, నల్గొండ:

టీచరమ్మా, మీకు దండం. నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేసిన, నోము ఉందట, 13 కాదు 15 కుట్టు, రెండు చేతిల ఉండాలె అన్నది, జిప్పులకు పైసలు పంపింది గూడ. స్వెట్టరు చూసిన, మీరు చెప్పినట్టే చేతులు వేరుగ అల్లినయే, ఒక చెయ్యి ఇప్పిన, మేనత్తకు ఫోటో పెడితే తనే వచ్చి చంకల అంచు అల్లిపెడ్త అన్నది. అక్కా, చెవుల పట్టీ 9 వరుసలు అయినయి, ప్రతి వరుసకు లెక్క పెడుతున్న, 16 కుట్లే ఉన్నయి. ఆమె చున్నీలు ఎక్కువ తెల్లవి, బూడిద రంగువి, మెరూన్ సరిపోతదనే అనుకుంటున్న. అన్నా, టైలర్ దగ్గర ముక్కలు తెచ్చిన, తిప్పి చూస్తే సగం ప్రింటువే, మంచివి ఏరి పెట్టిన. ఒక్క డౌటు, సంచి 7 ఇంచుల వెడల్పు అనుకున్న, జిప్పు ఎన్ని ఇంచులది తీస్కోవాలె?

మగ్గం ఇంటి పిల్లగాడు:

8 ఇంచులది తీస్కో, నైలాన్‌ది. కుట్టినంక మిగిలిన కొస కత్తిరించేయి, గని ముందు ఆ చివర నాలుగు కుట్లు అడ్డంగ గట్టిగ వేసినంకనే కత్తెర పెట్టు, లేకపోతే రన్నర్ ఊడి చేతిలకొస్తది. పోగులు కావాల్నంటే చెప్పు, ఈ ఆదివారం నల్గొండకు వచ్చే పని ఉంది, ఒక కట్ట తెస్త.