వెల్ష్‌లో ‘కొన్నావా?’ అంటే ‘కొన్నాను’ అనకూడదట!

గ్రూపులో వేల్స్ వాళ్ల భాష వెల్ష్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మేముండేది కార్డిఫ్‌లో. మా అమ్మాయి చదివేది వెల్ష్ మీడియం బడి, దాంతో పాటు నేనూ కుస్తీ పడుతున్నా. నిన్న షాపు నుంచి రాగానే గుమ్మంలోనే అడిగింది: ‘బ్రనైస్ట్ టీ వారా?’ బ్రెడ్ కొన్నావా అని (ఇక్కడ ‘టీ’ అంటే ‘నువ్వు’). మనం ‘కొన్నా’ అన్నట్టే నేను ధీమాగా ‘ప్రనైస్’ అన్నా. ‘డో అనాలమ్మా!’ అని ఒకటే నవ్వు. వెల్ష్‌లో ‘అవును’ అనే మాట లేదు, క్రియనే తిరిగి చెప్పాలి అన్నారు కదా, మరి ఈ ‘డో’ ఎక్కడిది? ఇంకో డౌటు. కొనడం ‘ప్రని’, బ్రెడ్ ‘బారా’ అని నేర్చుకున్నా. దాని నోట్లో ప కాస్తా బ, బ కాస్తా వ ఎందుకయ్యాయి?

— — —

మీకు చెప్పింది తప్పు కాదండీ, సగమే చెప్పారు. వర్తమానంలో అడిగితే క్రియతోనే జవాబు. జరిగిపోయిన పనికి మాత్రం ఎవరు చేసినా ‘డో’, చేయకపోతే ‘నాదో’. ఇందులో ద ఇంగ్లిష్ ‘దిస్’లో వినిపించే ద. ఒక మెలిక ఉంది. అదే ప్రశ్న ‘వెడి’ పెట్టి, ‘ఉయ్‌ట్ టీ వెడి ప్రని బారా?’ అని అడిగితే ‘డో’ కుదరదు, ‘అడూ’ అనాలి. వెడి అంటే అసలు అర్థం ‘తర్వాత’. ‘కొన్న తర్వాత ఉన్నావా?’ అన్నట్టు. అడిగింది ఉన్నావా అని కాబట్టి జవాబు ‘ఉన్నాను’.

క్రియ చివర్లు మనకు కొత్తేం కాదు. ప్రనైస్ కొన్నాను, ప్రనైస్ట్ కొన్నావు, ప్రనొద్ కొన్నాడు. కొన్నదీ ప్రనొద్దే, ఆడామగా తేడా లేదు.

ఇక మీ రెండో డౌటు. బళ్లో గసడదవాదేశ సంధి చదివారు కదా? వాడు + కొట్టె = వాడు గొట్టె. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. వెల్ష్‌లోనూ క గ అవుతుంది, ట డ అవుతుంది. మనకు ప వ అయితే వాళ్లకు ప బ, బ వ. మాట మొదట్లో గ ఉంటే ఏకంగా మాయం: ‘చూశాను’ గ్వెలైస్, ప్రశ్నలో ‘చూశావా?’ వెలైస్ట్ టీ?

మనకు పక్క మాట కనిపిస్తుంది కాబట్టి సంధి అని తెలుస్తుంది. వాళ్లకు మార్పు తెచ్చిన మాట ఎగిరిపోయి, మార్పు మిగిలింది. పూర్వం ప్రశ్నకు ముందు ‘ఆ’ అనేవాళ్లు: ఆ బ్రనైస్ట్ టీ? ఆ ‘ఆ’ మాటల్లో పోయింది, బ ఉండిపోయింది. ‘కొనలేదు’కు ముందు ‘నీ’ ఉండేది, అదీ పోయింది, కానీ ప ఇంకా ఫ అవుతుంది: ఫ్రనైస్ ఈ దిమ్ బారా. (మాటల్లో చాలామంది ఇక్కడా బ్రనైస్ అనేస్తారు. మీరూ అనేయండి, ఎవరూ ఏమనుకోరు.)

— — —

మేం ఉత్తర వేల్స్‌లోని బ్యాంగర్‌లో ఉండొచ్చాం. ఉత్తరాన ఈ చివర్ల బాధ చాలావరకు తప్పించుకోవచ్చు. ‘నేస్ ఈ’ అంటే ‘చేశాను’. దానికి ఏ పనైనా తగిలించడమే: నేస్ ఈ బ్రని, కొనడం చేశాను. ఆ ప్రాంతంలోనే ఇంకోటి ఉంది, ‘దారి మీ బ్రని’. ఈ ‘దారి’కి పాత అర్థం ‘అయింది’. నాకు కొనడం అయింది! మనిషి మారినా ‘దారి’ మారదు.

కాకపోతే నాలుగు క్రియలు బట్టీ పట్టక తప్పదు. వెళ్లాను ఏస్, వచ్చాను డేస్, చేశాను గ్నేస్, దొరికింది అనడానికి కేస్. ప్రాస కలిసింది కదా అని సంబరపడ్డా. ‘అతను’ దగ్గర ఐథ్, డైథ్, గ్నైథ్ అని వచ్చి, నాలుగోది ‘కావొద్’ అని చెయ్యిచ్చింది. సర్లెండి, ‘రా’ అని పిలిచి ‘వచ్చాడు’ అనే మనం వాళ్లను అనకూడదు.

— — —

ఇద్దరికీ థాంక్స్ అండీ. ఇందాక మా దాన్ని ‘హోంవర్క్ చేశావా?’ అని తెలుగులోనే అడిగా. ‘డో’ అంది. తెలుగులో చెప్పవే అంటే కాసేపు ఆలోచించి ‘అవును’ అంది. ‘చేశా’ అనాలమ్మా, అన్నా.