ధర్మశాస్త్రం కింద లేమంటారు కదా, మరి నల్ల (రక్తం వేపుడు) ఎందుకు తినకూడదు?

గోదారోడు_హైదరాబాద్‌లో:
అందరికీ వందనాలు. మాది పశ్చిమ గోదావరి వైపు పల్లె, పెంతెకొస్తు సంఘం. ఇప్పుడు జాబ్ కోసం హైదరాబాద్ వచ్చి పీజీలో ఉంటున్నా. బోనాలకి రూమ్మేట్ వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళమ్మ ముందు నల్ల వేపుడు పెట్టింది, నేను వద్దన్నా. మటన్ వేసుకోబోతుంటే అది పొద్దున మైసమ్మ ముందు కోసిన యాట అని వాడే చెప్పాడు, అదీ వద్దన్నా. ఇంక పప్పుతో తింటున్నా, ఆవిడ పాపం "ఏం బిడ్డా, మంచిగ లేదా?" అని రెండుసార్లు అడిగింది. బయటికొచ్చాక వాడు సూటిగా అడిగాడు, మీ బైబిల్లో పంది కూడా తినొద్దని ఉంది కదరా, మరి కూర్గ్ ట్రిప్‌లో పోర్క్ కుమ్మేశావుగా అని. నా దగ్గర సమాధానం లేదు.

మనం ధర్మశాస్త్రం (మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞలు) కింద లేము కృప కింద ఉన్నాము అని ప్రతి ఆదివారం వింటాం, ఇంటికొస్తే మాత్రం బొట్టు వద్దు, ప్రసాదం వద్దు, సినిమా వద్దు, దశమభాగం తియ్యాలి. ఇందులో ఏది వాక్యం, ఏది మనవాళ్ళు పెట్టుకున్న అలవాటు? ఇవన్నీ తీసేస్తే నేను విశ్వాసినని బయటివాళ్ళ సంగతి అటుంచండి, నాకైనా ఎలా తెలుస్తుంది?

బెరయవాడు:
తమ్ముడూ, నువ్వు చేసింది కరెక్టే, కారణం తెలుసుకో చాలు. పంది లేవీయకాండం 11లో ఉంది, అది ఇశ్రాయేలీయులకి ఇచ్చిన ఆజ్ఞ. రక్తం సంగతి అలా కాదు, మోషేకి చాలా ముందే ఆదికాండం 9లో నోవహుకి చెప్పాడు, అంటే అందరికీ అన్నట్టు. తర్వాత అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేములో పెద్దలందరూ కూర్చుని అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్ళలోంచి వచ్చినవాళ్ళకి సున్నతి అక్కర్లేదు అని తేల్చేసి నాలుగే చెప్పారు: విగ్రహాలకి అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. పంది అందులో లేదు, కాబట్టి కూర్గ్ సంగతి వదిలెయ్.

మటన్ గురించి 1 కొరింథీ 10 చదువు. కటిక షాపులో కొన్నది ఏ ఆరా తియ్యకుండా తినెయ్యొచ్చు, ఎవరింటికైనా వెళ్తే పెట్టింది తినొచ్చు, కానీ ఇది బలి ఇచ్చింది అని ఎవరైనా చెప్తే తినొద్దు, చెప్పినవాడి మనస్సాక్షి కోసం. నీకు చెప్పారు, నువ్వు మానేశావు. అంతే.

శనివారం_సెలవు:
అన్నా మేము సెవెంత్ డే వాళ్ళం, అంటే శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం విశ్రాంతి దినంగా పాటించే సంఘం, మాకు లేవీయకాండం 11 ఇప్పటికీ నడుస్తుంది 🙂 నీళ్ళలో బతికేవాటిలో పొలుసులు, రెక్కలు లేనిది ఏదీ తినం. అంటే రొయ్యలు లేవు, పీతలు లేవు, వాలుగ, జెల్ల కూడా లేవు. గోదావరి జిల్లాలో పెళ్ళి భోజనాలకి వెళ్ళి రొయ్యల ఇగురు వద్దని చెప్పడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పేది వాదన కాదు, మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్తా. శుక్రవారం మధ్యాహ్నం నుంచే హడావుడి, సూర్యుడు దిగేలోపు ఇల్లు కడగడం, రేపటికి వంట, బట్టలు ఇస్త్రీ, నాన్న షాప్ షట్టర్ దించేసి వచ్చేవాడు, పొద్దుగూకాక ఇంక బేరం లేదు టీవీ లేదు, చాప మీద కూర్చుని పాట పాడటమే. దేవుడున్నాడా లేడా అనే డౌట్ వచ్చే వయసుకి ముందే శుక్రవారం సాయంత్రం అంటే ఏంటో నా ఒంటికి తెలుసు. డిగ్రీలో ఒక పేపర్ శనివారం పడితే రాయలేదు, సప్లీలో రాసుకున్నా. ఫ్రెండ్స్ పిచ్చోడన్నారు. కానీ ఆ రోజే అనిపించింది నేను ఇది, అని. సిద్ధాంతం తర్వాత చదువుకున్నా.

గుండ్లకమ్మ_ఒడ్డు:
ఈ ప్రశ్న కొత్తది కాదు, మన తెలుగు నేల మీదే 150 ఏళ్ళ కింద వచ్చింది. మాది ఒంగోలు దగ్గర, బాప్టిస్టులం. అమెరికా మిషనరీ క్లౌ దొర గారు 1866లో ఒంగోలు వచ్చాక మాదిగ పల్లెల్లో నమ్మినవాళ్ళకి పెట్టిన షరతులు ముఖ్యంగా మూడే: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. చూడటానికి ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది, మూడూ బైబిల్లో ఉన్నవే, విశ్రాంతి దినం పది ఆజ్ఞల్లో ఉంది, చచ్చినదాన్ని తినొద్దని ద్వితీయోపదేశకాండం 14లో ఉంది. కానీ ఆ కాలపు ఊళ్ళో పెట్టి చూడండి. ఆదివారం పనికి రాను అనడం అంటే ఆసామి పిలిస్తే ఏ రోజైనా పరిగెత్తాల్సిన మనిషి వారానికి ఒకరోజు నాది అని చెప్పడం. చచ్చిన గొడ్డు వాళ్ళకి ఊరిచ్చే మేర (చేసిన పనికి ఇచ్చే వాటా) లాంటిది, అది ముట్టను అంటే ఆ లెక్కే తెగిపోయింది. విగ్రహానికి మొక్కం అంటే జాతరలో డప్పు కొట్టే మనిషి లేడు. అందుకే ఊరి పెద్దలకి కోపం వచ్చింది, బాప్తిస్మానికి కాదు, దానికైతే ఎవడూ పట్టించుకునేవాడు కాదేమో.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడే కరువు తగ్గుతోంది, తిండి కోసం వచ్చారని ఇప్పటికీ కొందరంటారు. కరువులో దొర బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించిన మాట నిజమే, కానీ తిండి కోసమే వచ్చినవాడు ఉన్న తిండిలో ఒకటి మానుకుంటానని ఒప్పుకుంటాడా? మా నాయనమ్మకి చదువు రాదు, బైబిల్లో రోమా పత్రికలో ఏముందో తెలీదు, ఆదివారం మాత్రం కొడవలి ముట్టేది కాదు. ఆవిడ విశ్వాసం ఏంటి అంటే నాకు గుర్తొచ్చేది అదే.

కాబట్టి తమ్ముడూ, బెరయ అన్న చెప్పిన లిస్టు సరే, కానీ అదే అలవాటు ఒకచోట మనిషిని నిలబెడుతుంది, ఇంకోచోట ఊరికే మిగిలిపోతుంది. నీకు నల్ల వద్దనడంలో పోయేదేమీ లేదు, మా వాళ్ళకి కూలి పోయింది.

మెదక్_పిల్ల:
నాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మా అమ్మ మంగళసూత్రంల సిలువ ఉంటది, మా పెద్దమ్మ బొట్టు పెట్టుకొనే చర్చికి వస్తది, ఎవ్వరు ఏమనలే. పెళ్ళయి వేరే సంఘంలకి పోయినాక ఫస్ట్ వారమే ఒక పెద్దాయన పిలిచి బొట్టు తియ్యి, కమ్మలు తియ్యి అన్నడు. బొట్టు వద్దని బైబిల్ల ఏ వచనం ఉందో చూపించమంటే కోపం చేసిండు. అదే పెద్దాయన ఇంట్ల పనిచేసే ఆమెకి మూడు నెలల జీతం ఆపిండు, ఆమె మా గల్లీనే. కూలి పొద్దు గుంకకముందే ఇయ్యాలని ద్వితీయోపదేశకాండం 24ల ఉంది, తూకం సరిగ్గ ఉండాలని లేవీయకాండం 19ల ఉంది. ఇవి ఎందుకు మన గుర్తులు కాలేదు? ఆడోళ్ళ నుదురు అయితే దూరంకెళ్లి కనిపిస్తది, జీతం కనిపించదు, అందుకే అనుకుంట.

గోదారోడు_హైదరాబాద్‌లో:
గుండ్లకమ్మ అన్నా, ఈ ఒంగోలు సంగతి మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, థాంక్స్. అక్కా, మీరడిగిన దానికి మా పాస్టర్ అయ్యగారు ఏమంటారో ఈసారి వెళ్ళినప్పుడు అడుగుతా. ఒక చిన్న డౌట్, రక్తం వద్దంటే మరి మటన్ కడిగినప్పుడు ఎర్రగా నీళ్ళు వస్తాయి కదా, అమ్మ అందుకే నాలుగైదు సార్లు కడుగుతుంది, అది కూడా లెక్కలోకి వస్తుందా?

బెరయవాడు:
రాదు. లేవీయకాండం 17లో చెప్పింది రక్తం ఒలకబోసి మట్టితో కప్పమనే, కండలో మిగిలిన తడి గురించి కాదు. యూదులైతే దానికీ ఉప్పు రాసి లాగేస్తారు. అమ్మని మాత్రం మానిపించకు, కడిగిన కూరే రుచి.