సమస్య: ‘శుద్ధి చేయ మైల చుట్టుముట్టె’ – ఈ వారం పూరణలు, పరిశీలన

మిత్రులారా, ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

శుద్ధి చేయ మైల చుట్టుముట్టె

పురాణ కథలకు ఈసారి సెలవు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి లైనక్స్ కెర్నెల్‌లో పరికరాన్ని నడిపే ఏదో ఒక డ్రైవర్‌కు వచ్చే చిన్న శుభ్రత ప్యాచ్ (కోడ్ మార్పు), దాని రివ్యూ (ఇతరుల పరిశీలన) – పద్యం దీని మీదే ఉండాలి. మనలో చాలామంది పగలంతా చేసే పని అదే. అది పద్యంలో ఇమడదంటే నేను ఒప్పుకోను. వెయ్యి వరుసల కొత్త కోడ్ వస్తే అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని చదువుతారు. పది వరుసల శుభ్రత వస్తే ‘బాగుంది’ అని దాటేస్తారు. నాకు ఆ పది వరుసలంటేనే భయం.

మొదటి పూరణ, హైదరాబాదు సోదరి:

ఇల్లు కూలినంత నింకను తలుపుపై
తట్టు పిలుపు వచ్చె దారి తప్పి
విడుపు వరుస మఱచి విన్యాసమును మార్చి
శుద్ధి చేయ మైల చుట్టుముట్టె

అమ్మా, చాలా బాగున్నది. ‘విడుపు వరుస’ అన్న మాట నాకెంతో నచ్చింది. తెలియనివారి కోసం భావం చెబుతాను. వనరులను కెర్నెలే విడిచిపెట్టే డెవ్ఎమ్ పద్ధతి 2007లో, కెర్నెల్ 2.6.21 కూర్పుతో వచ్చింది. ఆ పద్ధతిలో తీసుకున్నవన్నీ డ్రైవర్ తొలగింపు ఫంక్షన్ ముగిశాకే, తీసుకున్న క్రమానికి తలకిందులుగా విడుదలవుతాయి. ఇక్కడ, పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతమైన ఇంటరప్ట్‌ను మాత్రం ఆ పద్ధతికి మార్చి, మెమరీని పాత తీరులో చేత్తోనే విడిచారు. మెమరీ ముందే పోయింది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది. ఆ సందులో పరికరం పిలిస్తే, ఆ పిలుపు అందుకునే హ్యాండ్లర్ అనే ఫంక్షన్ అప్పటికే లేని మెమరీని తడుముతుంది. ఇల్లు కూలింది, తలుపు తట్టారు – పోలిక అతికినట్టు సరిపోయింది. ఇలాంటి ప్యాచ్‌లో చేర్చిన వరుసలు చూస్తే లాభం లేదు. తీసేసిన వరుస అంతకుముందు ఏ రెండు వరుసల మధ్య ఉండేదో చూడాలి.

రెండవ పూరణ, విజయవాడ మిత్రుడు:

అంచులన్ని సరిగ నమరిచితి నటంచు
షరతు నొకటి మార్చె సందులోన
నూఱు వరుసలందు నొక్క తప్పు నడఁగె
శుద్ధి చేయ మైల చుట్టుముట్టె

మిత్రమా, భావం గట్టిది. ట్యాబులు, ఖాళీలు సర్దే ప్యాచ్‌లో ఒక షరతు కూడా మారిపోయింది. ఒక ప్యాచ్‌లో ఒకే పని ఉండాలన్న కెర్నెల్ నియమం ఇందుకే పుట్టింది. ఖాళీల తేడాలను దాచి చూపించమని, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌ను అడిగితే, మిగిలిన ఆ ఒక్క వరుస ఒంటరిగా బయటపడుతుంది. అయితే మూడవ పాదంలో యతి చూసుకోండి. ‘వరుసలందు నొక్క’లో నకారం ద్రుతం వల్ల వచ్చింది. అక్కడ యతి ‘ఒ’ అనే అచ్చుకే చెల్లుతుంది, ‘నూ’తో కుదరదు. ‘నూఱు వరుసలందు నుసివోలె నది దాగ’ అని సవరించవచ్చు. ఊడ్చే పనిలో నుసి ఉండడం అర్థానికీ బలమే.

విజయవాడ మిత్రుడు: ధన్యవాదాలు గురువుగారూ. ద్రుతం సంగతి గమనించలేదు. సవరణ స్వీకరిస్తున్నాను.

మూడవ పూరణ, బెంగళూరు మిత్రుడు:

చదివి విడుచు మాట జంజాట మనుకొని
తీసివేసె నతఁడు తెలియ కపుడు
వ్రాసి నట్టి యాజ్ఞ వాకిటనే నిల్చె
శుద్ధి చేయ మైల చుట్టుముట్టె

ఈ పద్యం దగ్గర కాసేపు ఆగాలి. కోడ్ మూడే వరుసలు: పరికరంలో ఆజ్ఞలు అందుకునే గడిని రిజిస్టర్ అంటారు; రీసెట్ బిట్‌ను రిజిస్టర్‌లో రాయడం, అదే రిజిస్టర్‌ను ఒక చరరాశిలోకి చదవడం, 10 మైక్రోసెకన్లు ఆగడం. చదివిన విలువను తరువాత ఎవరూ వాడరు. హెచ్చరికలు పెంచి కంపైల్ చేస్తే (యంత్రభాషలోకి మారిస్తే) ‘విలువ ఇచ్చారు కాని వాడలేదు’ అని కంపైలర్ చెబుతుంది. శుభ్రం చేసేవాడు చరరాశితో పాటు ఆ చదువునూ తీసేస్తాడు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కాని పీసీఐ బస్సు (ప్రాసెసర్‌ను పరికరాలతో కలిపే దారి) మీద రాత వెంటనే పరికరాన్ని చేరాలని లేదు. దారిలోని బ్రిడ్జిలో నిలిచి ఉండవచ్చు. అదే పరికరం నుంచి చదివితేనే ముందున్న రాతలు లోపలికి వెళ్ళక తప్పదు. ఆ చదువు పోతే, రీసెట్ పరికరాన్ని చేరకముందే 10 మైక్రోసెకన్ల లెక్క మొదలవుతుంది. ఒక యంత్రంలో పని చేస్తుంది, ఇంకొక దానిలో చేయదు. ‘ఆజ్ఞ వాకిటనే నిల్చె’ కంటే ఈ సంగతిని క్లుప్తంగా చెప్పిన వచనం నేను చదవలేదు. యతులన్నీ సరిపోయాయి; ‘వ్రా–వా’ సంయుక్తాక్షరంలోని వకారంతో చక్కగా కుదిరింది. హృదయపూర్వక అభినందనలు.

హైదరాబాదు సోదరి: మరి ఆ హెచ్చరికను ఏం చేయాలి గురువుగారూ? వదిలేస్తే రేపు ఇంకొకరు వచ్చి అదే పని చేస్తారు కదా?

చరరాశిని తీసేయాలమ్మా, చదువును ఉంచాలి. విలువను ఎక్కడా దాచకుండా చదివే ఫంక్షన్‌ను మాత్రమే పిలిస్తే హెచ్చరిక పోతుంది. పైన ఎందుకో చెప్పే వ్యాఖ్య తప్పనిసరి.

నాలుగవ పూరణ, డాలస్ నుంచి:

పరికరమ్ము లేక పరుగున పంపిన
కూర్పు చక్క నయ్యె, కొఱత దాఁగె
సాధనమ్ము దొరికి సరిచూడ నొక్కెడ
శుద్ధి చేయ మైల చుట్టుముట్టె

‘ఒక్కెడ’ పాదం నింపడానికే వచ్చింది. ‘సరిచూచినంతనె’ అంటే గణాలు చెడవు, అర్థమూ పదునెక్కుతుంది. పరికరం చేతిలో లేనప్పుడు ‘కంపైల్ చేసి మాత్రమే చూశాను’ అని ప్యాచ్‌లో రాసేవారంటే నాకు గౌరవం. ఆ ఒక్క మాట చూసి రివ్యూ చేసేవాడు రెండు రెట్లు జాగ్రత్త పడతాడు. మీ పద్యంలోని వ్యక్తి ఆ మాట రాయలేదు, కొరత దాగింది.

బెంగళూరు మిత్రుడు: గురువుగారూ, మీరు చెప్పినట్టే ఈ రోజు ఆ డ్రైవర్‌లో చరరాశిని తీసి, చదువు పైన ఒక వరుస చేర్చాను: ‘పై రాతను పరికరం దాకా తోయడానికే ఈ చదువు. తీయవద్దు.’