పదమూడేళ్ల అమ్మాయికి రోయింగ్ నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఛత్రపురం, గంజాం జిల్లా

అందరికీ నమస్కారం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున రోయింగ్‌లో ఒక్కడే పోటీపడిన బల్‌రాజ్ పన్వర్‌ను చూసినప్పటి నుంచి మా అమ్మాయి తానూ పడవ నడుపుతానని పట్టుపట్టింది. మా మామగారు గోపాల్‌పూర్ దగ్గర సముద్రంలో తెప్ప నడిపినవారు కనుక ఇంట్లో నీళ్లంటే ఎవరికీ భయం లేదు. అయితే పాపకు నాలుగు బారలకు మించి ఈత రాదు. బరంపురంలో జిమ్‌లో రోయింగ్ యంత్రం ఉందని, ముందుగా దానిమీద కూర్చోబెట్టమని తెలిసినవారు చెబుతున్నారు. ఎదిగే వయసు కదా, నడుముకు ఏమైనా అవుతుందేమోనని నా దిగులు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: కటక్

అమ్మా, నేను జగత్‌పూర్‌లో మహానది మీద కొన్నేళ్లు రోయింగ్ సాధన చేశాను. యంత్రం సంగతి తరువాత చూడవచ్చు, ముందు ఈత నేర్పించండి. ఒంటిమీద బట్టలతోనే కనీసం వంద మీటర్లు ఈదగలిగి, అలసిపోయినప్పుడు వెల్లకిలా తేలగలిగేదాకా పడవ ఎక్కించవద్దు. ఆ తరువాత లోతులేని చోట, పక్కన శిక్షకుడు ఉండగా, కావాలనే పడవ బోర్లా పడేలా చేసి చూపించాలి. పడవ మునగదనీ, దాన్ని వదిలి ఒడ్డుకు ఈదకూడదనీ, పట్టుకునే ఉండాలనీ పిల్లలకు మాటలతో ఎక్కదు, ఒకసారి పడితేనే ఎక్కుతుంది.

ఒక్కరే నడిపే పందెపు పడవ సుమారు ఎనిమిది మీటర్ల పొడవుంటుంది కానీ మనిషి కూర్చునేంత వెడల్పే ఉంటుంది. తెడ్ల వెడల్పు కొసలు నీటిమీద పరిచి ఉంచితేనే అది నిలకడగా ఉంటుంది. అందుకే కొత్తవారికి వెడల్పాటి పడవే మేలు. లాగేటప్పుడు రెండు పిడులూ ఒకదానిమీదుగా ఒకటి దాటుతాయి. మొదటి వారమంతా నా ఎడమచేతి గోళ్లు కుడిచేతి కణుపులను గీరి, సాయంత్రం అన్నం కలుపుకుంటే పులుసు తగిలి చురుక్కుమనేది. గోళ్లు కత్తిరించి పంపండి.

జవాబు 2: రాయగడ, వ్యాయామ ఉపాధ్యాయుడు

యంత్రం చెడ్డది కాదండీ, తప్పుగా లాగడమే చెడ్డది. మీ మామగారు ముందుకు చూస్తూ చేతులతో, నడుముతో తెడ్డు వేసేవారు. ఇక్కడ వెళ్లే దిక్కుకు వీపుపెట్టి, జారే పీటమీద కూర్చుని, ముందు కాళ్లతో తన్ని, తరువాత నడుము వెనక్కి వాల్చి, చివర చేతులు లాగాలి. తిరిగి వచ్చేటప్పుడు ముందు చేతులు, తరువాత నడుము, ఆఖరున మోకాళ్లు. పిల్లలు చేతులతో మొదలుపెట్టి వీపు గూనిగా వంచుతారు, నొప్పి అక్కడే పుడుతుంది. యంత్రం పక్కనున్న, లాగుడు బరువును మార్చే గాలి మీటను పదిదాకా తిప్పి బలం చూపించుకోవడం ఈ వయసుకు పనికిరాదు, మూడు, నాలుగు దగ్గర ఉంటే చాలు. పోటీ దూరమైన రెండు వేల మీటర్లు ఎన్ని నిమిషాల్లో అని అప్పుడే లెక్కకట్టవద్దు. మొదట రెండు తెడ్ల పడవే నేర్పించమనండి, ఒంటి తెడ్డైతే ఒళ్లు ఒకవైపే తిరుగుతుంది. నడుమునొప్పి మూడు రోజులైనా తగ్గకపోతే సాధన ఆపి వైద్యునికి చూపించండి.

జవాబు 3: బరంపురం

మీకు తంపర సరస్సు దగ్గరే కదా, తెల్లవారుజామునే వెళ్లండి. పొద్దెక్కితే పర్యాటకుల మోటారు పడవలు, మధ్యాహ్నానికి సముద్రపు గాలి. వేసవి సాయంత్రాల్లో ఉరుములు వినబడగానే ఒడ్డుకు రావాలి. తొందర అవసరం లేదని కూడా చెప్పాలి. మహారాష్ట్రలో బావులు తవ్విన దత్తు భోకనాళ్ సైన్యంలో చేరాకే తెడ్డు పట్టి, 2016 రియోలో పదమూడో స్థానంలో నిలిచారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. జిమ్ ఆలోచన ప్రస్తుతానికి వాయిదా వేశాం. ఈత నేను నేర్పిస్తానని మామగారు ముందుకొచ్చారు. పాప ఇప్పటికే గోళ్లు కత్తిరించుకుంది.