శనివారం ఎగ్జిబిషన్: హాల్ కుదరదన్నారు, అందరూ అర్జెంట్‌గా చూడండి

సుధ: ఇప్పుడే ఫోన్ వచ్చింది. ఇన్సూరెన్స్ కాగితం లేకుండా హాల్ ఇవ్వరట. గడువు సోమవారంతోనే అయిపోయింది, ఇప్పుడు డబ్బు కట్టినా లాభం లేదంటున్నారు. మన గొప్ప మహిళల గురించి వేయించిన పన్నెండు బోర్డులూ ప్రింటయి మా కారు ట్రంక్‌లో ఉన్నాయి. ముందు ఎక్కడైనా చోటు చెప్పండి, మిగతా పనుల లిస్టు తర్వాత.

కిరణ్: ఆ కాగితం ఎవరు చూస్తున్నారని రెండుసార్లు అడిగాను. ఒక్కరూ పలకలేదు.

మూర్తి: నన్ను చూడమని ఎవరు చెప్పారు? ఖాతాలో ఉన్నది 640 డాలర్లు, ఇంకో హాల్ అడ్వాన్సుకే చాలదు. వాయిదా వేసి ఉగాదితో కలిపేద్దాం.

సుధ: ఉగాదిలో కలిపితే ఏమవుతుందో మీకూ తెలుసు మూర్తి గారూ. బోర్డులు చెప్పుల స్టాండ్ పక్కకు పోతాయి. అయ్యలసోమయాజుల లలిత గారి బోర్డు ఒక్కదానికే నాకు మూడు నెలలు పట్టింది. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. అలాంటావిడ మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజినీరయ్యారు. పట్టాలో అచ్చయి ఉన్న 'హీ' కొట్టేసి 'షీ' అని రాయాల్సి వచ్చిందంటే, అక్కడికి ఒక ఆడపిల్ల వస్తుందని ఎవరూ అనుకోలేదనేగా! ఆ సంగతి చిన్నపిల్లలు నిలబడి చదివే ఎత్తులో పెద్దక్షరాలతో వేయించాను. దాన్ని డాన్సుల మధ్య పది నిమిషాల్లో చూపించలేను.

కిరణ్: ఆవిడ గొప్పతనం ఎవరు కాదన్నారు అక్కా? నాకు కోపం ఆ హాల్ మేనేజర్ మీద, నాలుగు రోజుల ముందా చెప్పేది!

పద్మ: ఆయన్నేమీ అనకండి. 1923లో కాకినాడ ఖద్దరు ప్రదర్శనలో టికెట్ లేదని నెహ్రూనే గుమ్మంలో ఆపేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మన మూడో బోర్డు. అప్పటికి ఆవిడకు పద్నాలుగేళ్లు, టికెట్ కొన్నాకే ఆయన్ను లోపలికి పంపారు. కాగితం అడగడం ఆ మేనేజర్ పని, ఇవ్వనిది మనం. మా గరాజ్‌లో రెండు కార్లు పడతాయి. స్నో బ్లోయర్ షెడ్‌లో పెట్టిస్తా, అక్కడే చేసేద్దాం.

మూర్తి: ఇందాక గట్టిగా అన్నాను, ఏమనుకోకు సుధమ్మా. గరాజ్ అయితే గోడలకు మేకులొద్దు, ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టి పెద్ద క్లిప్పులతో వేలాడదీద్దాం. చలిగా ఉంటుంది, మా ఇంట్లో హీటర్లు రెండూ తెస్తా.

కిరణ్: తాడు, క్లిప్పులు నావి. లలిత గారి బోర్డు గుమ్మంలోనే పెట్టండక్కా. 1964లో మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశానికి ఆవిడ న్యూయార్క్ వచ్చారు, మనకు ఇక్కడి నుంచి రైల్లో గంట కూడా లేదు. మా అమ్మాయికి నిన్న చెబితే మ్యాప్‌లో చూపించమని పట్టుకుంది.

పద్మ: భోజనాలకు హోటల్ వాళ్లొద్దు, ఉప్మా, టీ నేను చూసుకుంటా. మైకు అక్కర్లేదు, ఒక్కో బోర్డు దగ్గర ఒకరు నిలబడి చెప్పండి.

సుధ: సరే పద్మా. శుక్రవారం ఏడింటికి బోర్డులు తెస్తా. దుర్గాబాయి గారి బోర్డు మూల ట్రంక్‌లో నలిగింది. వెడల్పు టేపు ఎవరి దగ్గరుంది?